మా బంతిని రెండు చేసిన ఏడాది

నాకు నోరెక్కువని మా ఆయన ముప్పై ఏళ్ళ పైనుంచి అంటున్నాడు. కాదనను. ఆ నోటి వల్లే సింగపూర్‌లో మా బంతి ఇన్నేళ్ళు నిలబడింది. ఆ నోటితోనే ఒక ఆదివారం దాని పరువు తీశాను. పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఇదంతా ఎందుకు రాస్తున్నావని మా అమ్మాయి అడిగింది. తప్పు ఒప్పుకోవడం నాకు మాటల్లో సరిగ్గా రాదు, మధ్యలో ఎదుటివాళ్ళ మీదికి వెళ్ళిపోతాను, రాస్తే కాస్త నయం అన్నాను.

మేం మలేసియాలో పుట్టిన తెలుగువాళ్ళం. మా తాతలు పేరాక్ వైపు కొబ్బరి తోటల్లోకి కూలికి వచ్చి అక్కడే ఉండిపోయారు. పెళ్ళయిన కొత్తలో నేనూ మా ఆయనా పని వెతుక్కుంటూ కిందికి, ఈ దీవికి వచ్చేశాం. ఆయనకి లిఫ్టులు బాగుచేసే పని. నాకు తంజోంగ్ పగార్‌లో ఓడ సరుకుల కాగితాలు చూసే ఆఫీసులో పని. దీవికి పడమట చోవా చూ కాంగ్‌లో ఫ్లాట్ తీసుకున్నాక మా అత్తగారు కూడా వచ్చి మాతోనే ఉన్నారు. రెండు నెలలు తిరక్కుండా ఆవిడకి పిచ్చెక్కిపోయింది. పొద్దంతా మేమిద్దరం పనిలో ఉంటాం. తలుపు తీసి వరండాలోకి వెళ్తే తెలుగు ముక్క వచ్చినవాళ్ళు లేరు. మా ఆయన్ని కూర్చోనివ్వకుండా తిప్పి నాలుగు తెలుగు కుటుంబాలను వెతికించారు. నెలలో మొదటి ఆదివారం అందరం కలవాలన్నారు. ఒక నెల మా ఇల్లు, ఒక నెల ఇంకొకరిల్లు. పొద్దున ఒక గంట పిల్లలకి అక్షరాలు, తర్వాత పాటలో కబుర్లో, ఆ తర్వాత హాల్లో నేల మీద అందరూ ఒకే వరసలో కూర్చుని భోజనం. మేం దాన్ని బంతి అనేవాళ్ళం. దానికి అధ్యక్షుడూ లేడు, కార్యదర్శీ లేడు.

అత్తగారు పెట్టిన నియమం ఒక్కటే. రెండో బంతి ఉండకూడదు. తోటలో పెళ్ళిళ్ళప్పుడు కూలీల మీద పెత్తనం చేసే కంగాణీలూ గుమాస్తాలూ మొదటి బంతిలో తినేవాళ్ళట. కాయలు వలిచేవాళ్ళ పెళ్ళాలూ పిల్లలూ బయట నిలబడి, వాళ్ళు లేచాక కూర్చునేవాళ్ళు. పెళ్ళయ్యేదాకా ఆవిడ ఒక్క పెళ్ళిలోనూ మొదటి బంతి ఎరగరు. "మా దగ్గరికొచ్చేసరికి గరిటె గిన్నె అడుగు గీకేదే, ఆ చప్పుడు నా చెవిలో ఇప్పటికీ ఉంది" అనేవారు. అందుకని మా ఇళ్ళలో అందరూ ఒకేసారి కూర్చోవాలి. వండినవాళ్ళు కూడా కూర్చోవాలి. గిన్నెలు చేతులు మారుతూ వరస పొడవునా వెళ్ళాలి. హాల్లో చోటు చాలకపోతే ఏం చేద్దాం అని నేనొకసారి అడిగాను. చాలనంతమంది తెలుగువాళ్ళు ఈ ఊళ్ళో ఎక్కడున్నారే అని నవ్వారు. ఆవిడ పోయి పదహారేళ్ళయింది.

ఆవిడ పోయిన తర్వాత వచ్చారు, చాలనంతమంది. ఆంధ్ర నుంచీ తెలంగాణ నుంచీ ఉద్యోగాలకి వచ్చిన చిన్న వయసు కుటుంబాలు. పుంగోల్, సెంగ్‌కాంగ్, టాంపినీస్, అంతా తూర్పు వైపే అద్దెకి దిగేవాళ్ళు. ఒకళ్ళు వస్తే వాళ్ళ స్నేహితులు ఇద్దరు, వాళ్ళ వెనక ఇంకొకళ్ళు. నాకు ఒకటే సంబరం. తెక్కా బజారులో అరిటాకులు అమ్మే ఆయనకి ప్రతి నెలా ఇంకో కట్ట ఎక్కువ చెప్పేదాన్ని. పదిహేను ఆకులు ఇరవై అయ్యాయి, ఇరవై ముప్పై దాటాయి. ఎవరైనా అడిగితే ఆకుల లెక్క చెప్పుకుని మురిసిపోయేదాన్ని.

పడమటి నుంచి వచ్చేవాళ్ళలో కుటుంబాలు తక్కువ. వచ్చేది తువాస్ ఓడల యార్డులో పనిచేసే మగవాళ్ళు. వాళ్ళలో ఒకాయన్ని గురించి చెప్పాలి. శ్రీకాకుళం వైపు మనిషి, వెల్డింగు పని. నాకంటే పదేళ్ళు చిన్న. ఒక ఆదివారం ట్రైన్‌లో ఫోన్‌లో పెళ్ళాంతో తెలుగు మాట్లాడుతుంటే విని, ఆయన ఫోన్ పెట్టేసేదాకా ఆగి, ఇంటికి రమ్మన్నాను. ముక్కూ మొహం తెలియని ఆడమనిషి అన్నానికి పిలుస్తోందేమిటని బిత్తరపోయాడు. అయినా వచ్చాడు. మా బడుల్లో మలాయ్, ఇంగ్లీషు తప్ప మాకెవరికీ తెలుగు నేర్పలేదు. మాట్లాడటమే గానీ చదవడం రాదు, అత్తగారు పోయాక అక్షరాలు చెప్పేవాళ్ళు లేరు. అక్షరాల గంట నడిపింది ఆ తర్వాత ఆయనే. పిల్లలతో పాటు నన్నూ కూర్చోబెట్టాడు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో నేను అ ఆలు దిద్దాను. "‘క్ష’ రాయడానికి నీకు సెయ్యి తిరగదు గానీ అక్కా, నోరు మాత్రం బాగా తిరుగుతాది" అని ఏడిపించేవాడు. ఇప్పుడు ఈ రాస్తున్నదంతా ఆయన పెట్టిన భిక్షే. ఏడాదికేడాది కొత్తగా వచ్చిన కుర్రాళ్ళను వెంటబెట్టుకుని వచ్చేవాడు.

మా అమ్మాయి హైస్కూల్లో భూగోళం టీచరు. పెళ్ళయ్యాక మా బ్లాకులోనే ఫ్లాట్ కొనుక్కోవాలని చూసింది. ఇక్కడ ఏ బ్లాకులో ఏ జాతివాళ్ళు ఎందరుండవచ్చో ఒక వాటా ఉంటుంది, ఒకే జాతి అంతా ఒకచోట పోగుపడకుండా. మా బ్లాకులో మన వాటా నిండిపోయింది. అటూ ఇటూ వెతికి చివరికి పుంగోల్‌లో కొనుక్కుంది. అంటే దీవికి ఆ మూల. నా మనవరాలు అక్కడే పుట్టింది. దానికిప్పుడు ఐదేళ్ళు. నెలకోసారి బంతిలో నా పక్కన కూర్చుని, పలక మీద అక్షరాలు దిద్ది, నా చేత్తో నాలుగు ముద్దలు తినేది. మిగతా వారాల్లో వాళ్ళకి తీరదు, నాకు మోకాళ్ళు సహకరించవు. మాకిద్దరికీ ఆ ఆదివారమే.

ఇక నేను చేసిన ఘనకార్యం. ఆ నెల బంతి పుంగోల్‌లో మా అమ్మాయి ఫ్లాట్‌లోనే. జనం ఎంతమంది వచ్చారంటే వరస హాల్లో మొదలై, మలుపు తిరిగి, పడకగదిలోకి వెళ్ళింది. పిల్లలు తిండి దుకాణాల హాకర్ సెంటర్లో బల్లని చోప్ చేసి పట్టిపెట్టినట్టు నేల మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టి, "ఇది మా అమ్మది, ఇది మా డాడీది" అని ముందే చోట్లు పట్టేశారు. అది చూసి అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వాల్సింది కాదు. అప్పుడే ఆపాల్సింది.

అందరూ కూర్చున్నాక బెల్ మోగింది. శ్రీకాకుళం తమ్ముడు, వెనక నలుగురు కొత్త కుర్రాళ్ళు. తువాస్ నుంచి పుంగోల్ అంటే బస్సూ ట్రైనూ కలిపి రెండు గంటలు. పైగా వాన, చొక్కాలు తడిసి ఉన్నాయి. లోపల కాలు పెట్టే చోటు లేదు. టిష్యూ ప్యాకెట్లు పెట్టిన రెండు మూడు చోట్లు ఖాళీగానే ఉన్నాయి, ఎవరో ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్ళారట. నేను గుమ్మం దగ్గరికి వెళ్ళి, చెయ్యి ఊపుతూ, "మీరు కాస్త ఆగండి తమ్ముడూ, ఈ బంతి లేవగానే కూర్చుందురు" అన్నాను.

నోరు ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. వాళ్ళు వెళ్ళి లిఫ్టు పక్కన మెట్ల మీద కూర్చున్నారు. ముప్పావు గంట తర్వాత పిలిచాను. అప్పటికి వేపుడు అయిపోయింది, గారెలు అయిపోయాయి. అన్నం, చారు, కాస్త పప్పు ఉన్నాయి. ఐదుగురూ మాట్లాడకుండా తిని, ఆకులు మడిచి, వాళ్ళే తీసుకెళ్ళి చెత్తలో వేసి, "ఎల్లొస్తాం అక్కా" అని వెళ్ళిపోయారు. ఆ రోజు అక్షరాల గంటలో ఆయన లేని లోటు కూడా నాకు పట్టలేదు. ఎన్ని ఆకులు లేచాయో లెక్కేసుకుంటున్నాను.

తిరుగు ట్రైన్‌లో మా ఆయన కిటికీలోంచి చూస్తూ, "ఇవాళ రెండో బంతి పెట్టావు" అన్నాడు. అంతే. ఆయన అలా ఒక్క ముక్క అని ఊరుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. జనం ఎక్కువైతే నేనేం చెయ్యను, గోడలు బద్దలు కొట్టనా అని కసిరాను. చోవా చూ కాంగ్ వచ్చేదాకా కసురుతూనే ఉన్నాను. ఇంటికెళ్ళి అత్తగారి ఫోటో ఉన్న గదిలోకి మాత్రం ఆ సాయంత్రం వెళ్ళలేకపోయాను.

మర్నెల యార్డువాళ్ళు రాలేదు. ఆ పై నెలా రాలేదు. ఫోన్ చేస్తే డ్యూటీ ఉందక్కా అన్నాడు. అక్షరాలు ఎవరూ చెప్పలేదు, పిల్లలు ఫోన్లు చూసుకున్నారు.

ఆ రోజుల్లోనే మా అమ్మాయి ఒక శనివారం పాపతో వచ్చి, మా భోజనాల బల్ల మీద కాగితాలు పరిచి క్లాసు కోసం పాఠం తయారు చేసుకుంటోంది. అమెరికా పటం, దాని నిండా నల్ల చుక్కలు.

"ఏమిటివి, చీమలా?" అన్నాను.

"ఆమిష్ పీపుల్ అమ్మా. గుర్రబ్బండ్లలో తిరుగుతారు, కార్లు కొనరు. వీధి కరెంటు తీగ ఇంట్లోకి రానివ్వరు. ఇంట్లో వాళ్ళ పాత జర్మన్ భాషే. ఒక్కో చుక్క ఒక్కో సెటిల్‌మెంట్. ఇరవై ఏళ్ళకోసారి డబుల్ అవుతున్నారు, యూ నో?"

ఎన్ని తరాలైంది వాళ్ళు అక్కడికి వచ్చి అంటే, మూడు వందల ఏళ్ళు కావస్తోంది అంది. ఇప్పటికీ పిల్లలు ఇంటి భాషే మాట్లాడతారా అన్నాను. అవునంది. నిజం చెప్పాలంటే నాకు కుళ్ళు పుట్టింది. మాకు నాలుగో తరానికే నా కూతురు నాకు ఇంగ్లీషులో జవాబు చెబుతోంది. వీళ్ళ సంగతేమిటో చూద్దామని కళ్ళజోడు పెట్టుకుని దాని పక్కన కూర్చున్నాను.

వాళ్ళకి గుడి లాంటిది లేదట. రెండు వారాలకోసారి ఆదివారం ఎవరో ఒకరింట్లో ప్రార్థన. కూర్చునే బల్లలు ఒక బండిలో వేసుకుని ఇంటి నుంచి ఇంటికి తోలుకెళ్తారట. మాకూ అంతే. అత్తగారు తోట నుంచి తెచ్చిన పెద్ద అల్యూమినియం అండా టాక్సీ వెనక వేసుకుని ఇంటింటికీ తిప్పుతాం. ప్రార్థన అయ్యాక అందరికీ అక్కడే భోజనం. చదువుతున్నకొద్దీ నాకు ఎవరో మన ఇంటి సంగతులు రాసినట్టనిపించింది.

"మరి జనం ఎక్కువై ఇంట్లో పట్టకపోతే?"

"స్ప్లిట్ చేస్తారు. రోడ్డుకి ఇవతల ఒకటి, అవతల ఒకటి. ఇరవై ముప్పై కుటుంబాలు దాటనివ్వరు."

"హాలు కట్టుకోవచ్చుగా?"

"వద్దంటారు అమ్మా. ఇంట్లో ఎంతమంది పడితే గుంపు అంతే. ఎవ్రీబడీ మస్ట్ ఫిట్ ఇన్ వన్ హౌస్, దట్స్ ద హోల్ పాయింట్ లా."

"విడిపోతే తగ్గిపోరూ?"

అది నవ్వి, పటం నా వైపు తిప్పింది. "లుక్ ఎట్ ద డాట్స్. విడిపోతూనే ఇన్నయ్యారు."

పటంలో కొన్ని చుక్కలు నల్లగా లేవు, గుల్లగా ఉన్నాయి. అవేమిటంటే, పోయిన ఊళ్ళు అంది. నాలుగైదు కుటుంబాలు వెళ్ళి కొత్త చోట మొదలుపెడతాయి. ముందు నిలబడి నడిపించే మనిషి లేకపోతేనో, జనం చాలకపోతేనో కొన్నేళ్ళకి తట్టాబుట్టా సర్దుకుని పాత చోటికే తిరిగి వెళ్ళిపోతాయి. ఆ గుల్ల చుక్కల మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. రెండో బంతి పెట్టకుండా ఉండాలంటే ఉన్నది ఒకటే దారి. తూర్పున ఒక బంతి, పడమట ఒకటి. పడమటిది గుల్ల చుక్క కాకూడదంటే నడిపించే మనిషి కావాలి. ఆ మనిషిని మెట్ల మీద కూర్చోబెట్టింది నేను.

మర్నాడు ఆదివారం. మా ఆయన వస్తానంటే వద్దని ఒక్కదాన్నే బయల్దేరాను. ట్రైన్ ఆఖరి స్టేషన్‌లో దిగి, బస్సెక్కి, వాళ్ళ డార్మిటరీ బయట క్యాంటీన్ దగ్గర నిలబడి ఫోన్ చేశాను. లుంగీ మీదే వచ్చాడు, చేతులకి సబ్బు నురగ ఉంది. బట్టలుతుక్కుంటున్నాడట. డ్యూటీ లేదన్నమాట. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

"ఏటక్కా, ఇంత దూరం వొచ్చేవు?"

"నువ్వు రావడం లేదని వచ్చాను. ఆ రోజు మిమ్మల్ని రెండో బంతిలో కూర్చోబెట్టాను. తప్పు నాది. పిల్లలది కాదు, వానది కాదు, నాది."

ఇంటి దగ్గర ఇంకా పెద్దగా అనుకుని వచ్చాను గానీ అంతే చెప్పాను. ఆయన టీ తెచ్చి నా ముందు పెట్టాడు. చేతులు లుంగీకి తుడుచుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"తిండి కాదక్కా. తిండికేటి, యార్డులో నిలబడి తింతాం, లారీలో కూకొని తింతాం. ఆ నలుగురూ కొత్తోళ్ళు. దారంతా నానే సెప్పుకొచ్చాను ఆళ్ళకి. అక్కడ ఒకటే బంతిరా, ఆఫీసరైనా కూలోడైనా పక్కపక్కనే కూకుంతారు, మీరే సూద్దురు గాని అని. మెట్ల మీద కూకున్నాక ఆళ్ళు నలుగురూ నా మొకం సూసేరు. నా మాట పోయిందక్కా."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆకలితో కూర్చోబెట్టానని ఇన్ని రోజులూ బాధపడ్డాను. ఆయన మాట తీశానని ఒక్కసారి కూడా తట్టలేదు. టీ చల్లారిపోయింది. మా ఇంట్లో, పడమట, ప్రతి నెలా వేరే బంతి వేస్తానని చెప్పాను. తువాస్ నుంచి గంటలో వచ్చేయొచ్చు.

"బంతి ఒకటేనా?" అన్నాడు.

"ఒకటే."

"తూరుపోళ్ళు ఒప్పుకోవాల గదా."

"ఒప్పిస్తాను."

"నీ నోటికి ఒప్పుకోకేటి సేస్తారు" అని ఆ రోజు మొదటిసారి నవ్వాడు. వస్తానని మాత్రం అనలేదు. సూద్దామక్కా అన్నాడు. కొత్త కుర్రాళ్ళను మళ్ళీ తీసుకురావాలంటే మళ్ళీ మాటివ్వాలి కదా, ఆ భయం ఆయనకి ఉంటుంది.

ఆ తర్వాతి బంతి సెంగ్‌కాంగ్‌లో. భోజనాలయ్యాక అందరినీ కూర్చోమని విషయం చెప్పాను. కందిరీగల తుట్టె కదిలినట్టయింది. బుకిత్ బాతోక్‌లో ఉండే పెద్దావిడ, మా అత్తగారి నాటి మనిషి, మలేసియా నుంచే వచ్చింది, ముందు అందుకుంది. "ఉండేదే గుప్పెడు మంది. దాన్నీ రెండు ముక్కలు చేస్తావా? మీ అత్త ఉంటే నిన్ను చీపురుతో కొట్టేది" అంది. సాఫ్ట్‌వేర్ చేసే ఒకబ్బాయి, "ఎందుకు ఆంటీ, ఒక హాల్ బుక్ చేద్దాం, కేటరింగ్ పెట్టేద్దాం, కుర్చీలుంటాయి, ఎవరికీ ఇబ్బంది ఉండదు" అన్నాడు. మంచి కుర్రాడే. కానీ కుర్చీలు వేస్తే ముందు వరస వస్తుంది, ముందు వరస వస్తే అందులో ఎవరు కూర్చోవాలనేది వస్తుంది. ఆ మాటే చెప్పాను. ఇంకొకావిడ, "అయితే రెండు విడతలుగా పెడదాం, పిల్లలకి ముందు" అంది.

"ఆ మాట నా ముందు అనకండి" అన్నాను. గదిలో అందరూ నోరు మూసుకునేంత గట్టిగానే అన్నాను. అన్నాక ఇక దాచడానికి లేకపోయింది. పుంగోల్‌లో మెట్ల మీద ఎవరు కూర్చున్నారో, ఎవరు కూర్చోబెట్టారో, ఆ తర్వాత తువాస్‌లో నేనేం విన్నానో మొత్తం చెప్పాను. అత్తగారి గరిటె చప్పుడు సంగతి కొత్తవాళ్ళు ఎవరికీ తెలియదు, అదీ చెప్పాను. బుకిత్ బాతోక్ పెద్దావిడ తల దించుకుని కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆమె కూడా ఆ తోట పిల్లే.

తర్వాత పని తేలికైంది. బుకిత్ తిమా కొండకి ఇవతల ఉన్నవాళ్ళు పడమటి బంతి, అవతలివాళ్ళు తూర్పు బంతి. అవతలివాళ్ళు చాలా ఎక్కువ కాబట్టి అండా వాళ్ళకే ఇచ్చేశాను. అది ఇస్తున్నప్పుడు చెయ్యి రాలేదు, అయినా ఇచ్చాను. ఇంకో నియమం నేనే పెట్టాను. రెండు బంతులూ ఒకే ఆదివారం, ఒకే వేళకి. ఇవతలివాళ్ళు అటు వెళ్ళకూడదు, అటువాళ్ళు ఇటు రాకూడదు. పెద్ద బంతి ఉండగా చిన్న బంతికి ఎవరొస్తారు? రెండు నెలలు మొహమాటానికి వస్తారు, మూడో నెల మానేస్తారు. ఆ గుల్ల చుక్కలు నా కళ్ళ ముందు కదులుతున్నాయి. గడగడా చెప్పుకుపోతున్నాను.

జురోంగ్‌లో ఉండే వరంగల్ అమ్మాయి, తను ఇవతలి పక్షమే, మెల్లగా అడిగింది. "మరి మీ బిడ్డ పుంగోల్ల ఉంటది గదా ఆంటీ?"

నిజంగా ఆ క్షణం దాకా ఆలోచించలేదు. ఎవరైనా నమ్ముతారో లేదో గానీ, కూతురికీ మనవరాలికీ ఆ నియమం వర్తిస్తుందని నా బుర్రకి తట్టలేదు. మా అమ్మాయి గోడకి ఆనుకుని, పాపని ఒళ్ళో పెట్టుకుని నా వైపే చూస్తోంది. అందరూ చూస్తున్నారు. వాళ్ళకి మాత్రం మినహాయింపు అని ఒక్క మాట అంటే ఎవరూ కాదనేవాళ్ళు కాదు. అని ఉంటే ఇంకో ఇద్దరు తమ అక్కచెల్లెళ్ళ కోసం అదే మాట అడిగేవాళ్ళు.

"వాళ్ళు ఆ పక్కే" అన్నాను.

కిందికి దిగాక మా అమ్మాయి బస్‌స్టాప్ దాకా వచ్చింది. "ఆల్టర్నేట్ సండేస్ పెట్టొచ్చు కదా అమ్మా. పాప నీ పక్కన కూర్చునే అక్షరాలు నేర్చుకుంటోంది. వై ఆర్ యూ సో స్టబర్న్?"

"పెడితే నేనే ముందు అటు పరిగెత్తుకొస్తాను" అన్నాను. "పాప అక్కడుంటే ఈ చిన్న బంతిలో నా కాలు నిలుస్తుందా? నేను నిలవకపోతే ఇంకెవరు నిలుస్తారు? నువ్వే కదా ఆ పటం చూపించావు."

"దట్ వాజ్ ఫర్ మై సెకండరీ త్రీ క్లాస్, అమ్మా. నీకు కాదు" అంది. నవ్వబోయి ఏడ్చింది. బస్సు వచ్చేసింది.

పడమటి మొదటి బంతి మా ఇంట్లో. సోఫా తీసి బయట వరండాలో పెట్టాం. అండా లేదు కాబట్టి రెండు కుక్కర్లలో, పక్కింటి మలాయ్ ఆవిడ ఇచ్చిన పెద్ద గిన్నెలో వండాను. పొద్దున తొమ్మిదికి అమ్మాయి ఫోన్ చేసింది. వెనకాల పాప ఏడుపు వినిపిస్తోంది. అమ్మమ్మ ఇంటికే వెళ్తానని చెప్పులు వేసుకుని కూర్చుందట. ఈ ఒక్కసారికి రానా అని అడిగింది. వద్దన్నాను. ఇవాళ మొదటి రోజు, ఇవాళ నువ్వు వస్తే అక్కడివాళ్ళు వచ్చే నెలకి ఇంకో కారణం చెబుతారు అన్నాను. సరే అని పెట్టేసింది. ఫోన్ పట్టుకుని కాసేపు పొయ్యి ముందు నిలబడ్డాను, పప్పు అడుగంటే దాకా.

బుకిత్ బాతోక్ పెద్దావిడ గొణుక్కుంటూనే వచ్చింది. వరంగల్ అమ్మాయి మొగుడితో, ఇద్దరు పిల్లలతో వచ్చింది. మలేసియా జంట ఇంకొకటి. మేమిద్దరం. అంతే, తొమ్మిదిమందిమి. పదకొండయింది. పిల్లలు పలకలు పట్టుకుని కూర్చున్నారు, నేర్పేవాళ్ళు లేరు. నాకొచ్చిన నాలుగు ముక్కలూ నేనే చెప్పాను. పన్నెండయింది. మా ఆయన వరండాలో సోఫా మీద కూర్చుని కిందికి చూస్తున్నాడు. పెద్దావిడ, "ఆకులు వేసెయ్యి, ఎంతసేపు చూస్తాం" అంది. వెయ్యనన్నాను. వాళ్ళు రాకుండా ఆకు పడితే, వచ్చాక ఇంకో వరస అవుతుంది. పిల్లలకి చెరో అరటిపండు ఇచ్చి కూర్చోబెట్టాను. పన్నెండున్నర అయింది.

అప్పుడు మా ఆయన లేచి నిలబడి, "ఏమే, ఇంకా ఆకులు కొయ్యి" అన్నాడు.

తొమ్మిదిమంది వచ్చారు. ముందు ఆయన, వెనక ఆ రోజు మెట్ల మీద కూర్చున్న నలుగురూ, ఇంకో నలుగురు నేనెప్పుడూ చూడనివాళ్ళు. బస్సు తప్పిపోయిందట. చెప్పులు విప్పి గుమ్మంలోనే ఆగిపోయారు. ఆ నలుగురు కుర్రాళ్ళూ లోపలికి రాకుండా ముందు హాల్లోకి చూశారు, ఎవరైనా తింటున్నారేమో అని. ఎవరూ తినడం లేదు. ఒక్క ఆకూ పడలేదు.

వాళ్ళ చేతే ఆకులు వేయించాను. పద్దెనిమిది. గోడ నుంచి గోడ దాకా, మోకాలికి మోకాలు తగులుతూ ఒకే వరస. వరంగల్ అమ్మాయి మొగుడు, ఏదో బ్యాంకులో పని, ఇద్దరు యార్డు కుర్రాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. వేపుడు గిన్నె చేతులు మారుతూ వెళ్ళింది. తమ్ముడు పక్కనున్న కుర్రాడితో తల తిప్పకుండా, "సెప్పేను గదా" అన్నాడు. ఆ కుర్రాడు తలూపి గిన్నె పక్కకి అందించాడు.

పప్పు అయి చారులోకి వచ్చేసరికి నా ఫోన్‌కి ఫోటో వచ్చింది. తూర్పు బంతి. పొడవాటి వరస, మధ్యలో మా పాప. పక్కన ఎవరో పెద్దావిడ, నాకు సరిగ్గా తెలియదు కూడా, పాప నోట్లో ముద్ద పెడుతోంది. పాప నోరు పెద్దగా తెరిచి ఉంది. ఎంత ఏడ్చిన పిల్ల, ఎంత హాయిగా తింటోంది. నా చోటు అది. ఆవిడెవరు?

మా ఆయన వంగి ఫోటో చూశాడు. "వచ్చే నెల ఒక్కసారి అటు వెళ్ళొద్దామా?" అన్నాడు, నెమ్మదిగా, నాకు మాత్రమే వినపడేలా.

"వెళ్ళం" అన్నాను. "ఆ పై నెల కూడా వెళ్ళం."

అని లేచి వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని, మజ్జిగ గిన్నె తీసుకుని బయటికి వచ్చి, వరస ఈ చివర నుంచి ఆ చివరదాకా వడ్డించాను.